మీ అమ్మ బయాప్సీ రిపోర్టు గురించి

చిన్నీ,

నువ్వు పంపిన రిపోర్టు ఆసాంతం చదివాను. నా ఉద్యోగమంతా ఇలాంటి స్లైడ్లు చూస్తూనే గడిచింది కాబట్టి, ఈ అండాశయ కేన్సర్ వంశంలోంచి వచ్చిందా అన్నది తేల్చుకోవడానికి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు నీకు తెలియాల్సినవి రాస్తున్నాను.

రక్తంలో కొలిచే సీఏ 125 అనే ప్రొటీన్ అంకె చూసి నువ్వు హడలిపోయావు. 35 లోపు ఉండాల్సింది వందల్లో ఉంటే ఎవరికైనా భయమే. కానీ కడుపులో టీబీ ఉన్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా అది పెరుగుతుంది. ఇకమీదట మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఆ అంకె కావాలి. జబ్బు వంశంలోంచి వచ్చిందా అన్నది మాత్రం అది చెప్పలేదు.

అది తెలియాలంటే మొదట చూడాల్సింది గడ్డ రకం. మీ అమ్మది హై గ్రేడ్ సీరస్ కార్సినోమా. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల లోపంతో వచ్చే అండాశయ కేన్సర్లు ఎక్కువగా ఈ రకమే. మ్యూసినస్ అనో బోర్డర్‌లైన్ అనో రాసి ఉంటే నాకు ఆ అనుమానం అంతగా వచ్చేది కాదు. ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ రకాల్లో అయితే లించ్ సిండ్రోమ్ అనే మరో వంశపారంపర్య లోపం ఉందేమో చూస్తాం.

పీ53 అనే ప్రొటీన్ కోసం స్లైడుకి రంగు వేసి చూసే పరీక్ష దగ్గర నెగెటివ్ అని ఉంది, మంచిదే కదా అత్తా అన్నావు. కాదమ్మా. మామూలు కణాల్లో ఈ రంగు కొన్నిటికి ముదురుగా, కొన్నిటికి లేతగా, కలగలుపుగా పడుతుంది. ఈ కేన్సర్‌లో చాలాసార్లు ప్రతి కణం కేంద్రకం ముదురు గోధుమరంగులోకి పోతుంది. కొన్నిసార్లు గడ్డ మొత్తం నీలంగానే మిగిలిపోయి, పక్కనున్న రక్తనాళం గోడ కణాలకి మాత్రం కాస్త గోధుమరంగు అంటి ఉంటుంది. రెండూ ఆ ప్రొటీన్‌ని తయారుచేసే టీపీ53 జన్యువు చెడిందనడానికి గుర్తులే. మీ అమ్మది రెండోది. అయితే వంశంతో పనిలేకుండా వచ్చిన హై గ్రేడ్ సీరస్ గడ్డల్లోనూ ఇది దాదాపు అన్నిటా ఉంటుంది, కాబట్టి దీన్నిబట్టి కూడా తేల్చలేం. కణాలు ముద్దగా పేరుకుని, వాటి మధ్య లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు గుంపులుగా దూరి కనిపిస్తే నా అనుమానం బీఆర్‌సీఏ1 మీదికి పోయేది. అది అనుమానమే, నిర్ధారణ రక్తపరీక్షతోనే.

ఆ పరీక్ష ముందు మీ అమ్మకే చేయించండి. ఈ రకం వచ్చినవాళ్ళలో ఇంచుమించు 15 నుంచి 20 శాతం మందికి పుట్టుకతోనే బీఆర్‌సీఏ లోపం ఉంటుంది, ఇంట్లో ఇంకెవరికీ కేన్సర్ లేకపోయినా సరే. జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోయిన లోపాలు కూడా ఆ పరీక్షలో చూస్తారా అని అడుగు. గడ్డ ముక్క ఉన్న పారాఫిన్ (మైనం) బ్లాకు జాగ్రత్త, తెగిన డీఎన్‌ఏని బాగుచేసుకునే శక్తి గడ్డకి పోయిందా అని చూసే హెచ్‌ఆర్‌డీ పరీక్షకి అదే కావాలి. ఒలాపరిబ్ లాంటి మాత్రలు ఇవ్వాలా వద్దా అన్నది ఈ రెంటి మీదే చాలావరకు ఆధారపడుతుంది.

అమ్మమ్మ వైపు ఎవరికీ లేదని మా అన్నయ్య అన్నాడు. మీ తాతయ్య వైపు అడిగారా? తండ్రి నుంచీ కూతురికి వస్తుంది. కేన్సర్ ఉందా అని అడిగితే పెద్దవాళ్ళు లేదనే అంటారు. కడుపుకి నీరు పట్టి పోయినవాళ్ళు, రొమ్ములో గడ్డ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగు.

మీ అమ్మకి లోపం ఉందని తేలితే నీకూ తమ్ముడికీ వచ్చే అవకాశం సగం సగం. అప్పుడు నువ్వు ఆ ఒక్క మార్పుకే పరీక్ష చేయించుకుంటే చాలు. పెళ్ళి సంబంధాలకి అడ్డమని ఎవరైనా వద్దంటే వినకు. 80 ఏళ్ళ వయసు లోపు అండాశయ కేన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 ఉంటే 44 శాతం, బీఆర్‌సీఏ2 ఉంటే 17 శాతం దాకా ఉంది. మామూలుగా ఇది ఒక శాతం పైచిలుకే. ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకుంటే ముందే పట్టుకోవచ్చన్న ధైర్యం లేదు. పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ1 అయితే 35–40 మధ్య, అండాశయాలతోపాటు ఫెలోపియన్ ట్యూబులూ తీయించుకోమంటారు, చాలా గడ్డలు మొలిచేది ట్యూబు చివరే కనుక.

జన్యు పరీక్ష రిపోర్టు రాగానే అన్ని పేజీలూ పంపు. వీయూఎస్ (హాని చేస్తుందో లేదో ఇంకా తేలని మార్పు) అని రాసి ఉంటే కంగారుపడి ఎవరికీ చెప్పకు, నాకు ఫోన్ చెయ్యి. ఆ మాటకి లోపం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు, దాన్నిబట్టి ఆపరేషన్లు చేయించుకోకూడదు.

మీ అత్త