నెట్ లేని ఊళ్ల లెక్క, ఆఫీసు లెక్క ఒక్కటి కావాలంటే

చిరంజీవి స్వాతికి,

పెద్దనాయన ఆశీస్సులు. నీ విత్తనాలు, పురుగుమందుల వ్యాపారంలో వానాకాలం సీజన్‌కు ఆర్డర్లు రాసే ముగ్గురు పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి ములుగు, భూపాలపల్లి, నర్సంపేట లైన్ల మీదికి, అంటే ఆ దారుల్లోని డీలర్ల దగ్గరికి, పంపుతున్నావని, పస్రా దాటి తాడ్వాయి అడవిలో పడితే నెట్ దొరకదు కాబట్టి వాళ్ల డేటాను హన్మకొండ ఆఫీసు లెక్కతో ఎట్ల కలపాలో చెప్పమని అడిగావు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలనేది తర్వాతి ముచ్చట. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ఏ సమాచారం ఎవరు రాయాలో తేల్చు. ఒక్కో రకం సమాచారాన్ని రాసే చెయ్యి ఒక్కటే ఉండాలి, మిగతావాళ్లు చూడటమే తప్ప ముట్టుకోకూడదు. అది తేలితే పెన్‌డ్రైవ్‌తోనైనా పని నడుస్తుంది. తేలకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తూనే ఉంటారు.

నీ వ్యాపారానికి ఆ కాగితం ఇట్ల ఉంటుంది. ధరల పట్టిక, సరుకుల పేర్లు, డీలర్ల వివరాలు, పాత బాకీలు ఆఫీసువి. ఇవి పై నుంచి కిందికే రావాలి. ల్యాప్‌టాప్‌లో ధర మార్చే వీలే ఉండకూడదు, యూజర్ హక్కుల్లోనే ఆపెయ్. కొత్త ఆర్డర్లు, నగదు వసూళ్లు, చెక్కులు, తిరిగొచ్చిన సరుకు లైన్ మీది పిల్లలవి. ఇవి కింది నుంచి పైకే పోవాలి. ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు జమలు మాత్రం ఆఫీసే రాయాలి. లేకపోతే పరకాల డీలర్ 50,000 మీ కంపెనీ ఖాతాలో వేసి పిల్లాడికి ఫోన్‌లో చూపిస్తే వాడొక రసీదు రాస్తాడు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఆఫీసులో గుమస్తా ఇంకొకటి రాస్తాడు. డీలర్ బాకీ లక్ష తగ్గిపోతుంది. అది కనిపెట్టేసరికి యాసంగి వస్తుంది.

స్టాక్ దగ్గర ఇంకాస్త ఆగాలి, దెబ్బ తగిలేది ఎక్కువ ఇక్కడే. సోమవారం పొద్దున గోదాంలో ఒక రకం మిర్చి విత్తనం 10 గ్రాముల ప్యాకెట్లు 120 ఉన్నాయనుకో. మూడు ల్యాప్‌టాప్‌లూ 120 అనే చూపిస్తాయి. ములుగు పిల్లాడు 70 కి ఆర్డర్ రాస్తాడు, వాడి దగ్గర 50 మిగిలినట్టు. భూపాలపల్లి పిల్లాడు 80 కి రాస్తాడు, అక్కడ 40 మిగిలినట్టు. సాయంత్రం రెండూ ఆఫీసుకు చేరినప్పుడు మీ పద్ధతి ‘మిగిలిన నిల్వ’ను పంపేదైతే, ఆఖరున వచ్చిన 40 నిలబడుతుంది, ములుగులో రాసిన 70 ఎక్కడా కనబడదు. అదే ‘70 పోయాయి’, ‘80 పోయాయి’ అనే కదలికలను పంపితే ఆఫీసులో మైనస్ 30 వస్తుంది. మైనస్ చూసి భయపడకు. తప్పు అక్కడ కళ్లకు కనబడుతోంది, రెండు ఫోన్లు చేస్తే సర్దుకుంటుంది. మొదటిదాంట్లో లెక్క అందంగానే ఉంటుంది, గోదాంలో సరుకే ఉండదు. అందుకని ఏ సాఫ్ట్‌వేర్ వాడు వచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: నీది మిగిలిన నిల్వను పంపుతుందా, ఒక్కో కదలిక రాసిన చీటీలను పంపుతుందా?

ఆ మైనస్ కూడా రావొద్దంటే గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ ఉన్న రకాలను పొద్దున్నే పంచెయ్. ములుగుకు 40, భూపాలపల్లికి 40, నర్సంపేటకు 30, ఆఫీసు చేతిలో 10. ఎవరి వాటా దాటితే వాళ్లు ఫోన్ చేసి అడగాలి. అన్ని సరుకులకూ ఇది పెట్టకు, పిల్లలు విసుగెత్తి పక్కనపెడతారు. కొరత ఉన్న పది పన్నెండు రకాలకు చాలు.

ఇక బిల్లులు. నా మాట వింటే లైన్ మీద బిల్లు వెయ్యనివ్వకు, ఆర్డర్ మాత్రమే రాయించు. విత్తనాలకు జీఎస్టీ లేదు కాబట్టి వాటికి బిల్ ఆఫ్ సప్లై (పన్ను లేని బిల్లు), పురుగుమందులకు ట్యాక్స్ ఇన్వాయిస్ (పన్ను వేసిన బిల్లు). వార్షిక టర్నోవర్ 5 కోట్లు దాటితే 2023 ఆగస్టు 1 నుంచి డీలర్లకు వేసే ట్యాక్స్ ఇన్వాయిస్‌కు ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో బిల్లు నమోదు) తప్పనిసరి. 50,000 దాటిన మందుల లోడుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. ఈ పనులకు నెట్ ఉండాలి, ఏటూరునాగారంలో బండి పక్కన నిలబడి చేసేవి కావు. ఆర్డర్లు సాయంత్రానికి ఆఫీసుకొస్తే బిల్లు అక్కడే పుడుతుంది, మర్నాడు సరుకుతో పాటే పోతుంది.

బండిలో సరుకు వేసుకుని అక్కడికక్కడే అమ్మే లైన్ ఉంటే మాత్రం బిల్లు తప్పదు. అప్పుడు ఆ ల్యాప్‌టాప్‌కు సొంత నంబరు వరుస ఇయ్యి. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వాడింది మళ్లీ రాకూడదు, వరుస తెగకూడదు. వరుసలు ఎన్నైనా పెట్టుకోవచ్చు. ములుగుకు ఎంఎల్/26-27/0001 అని మొదలుపెడితే ఇంగ్లీషులో 13 అక్షరాలే. విత్తనాలకు, మందులకు వేర్వేరు వరుసలు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో అయితే ఆఫీసులో ఆ వోచర్ టైప్‌కు (ఆ రకం బిల్లులకు) నంబరింగ్ మాన్యువల్‌లో పెట్టి, డూప్లికేట్లు రానీయకుండా ఆపే ఎంపికకు ‘ఎస్’ కొట్టు. ఆటోమేటిక్‌లో వదిలితే దిగుమతి అయినప్పుడు నంబర్లు మారిపోయే ప్రమాదముంది. డీలర్ చేతిలో కాగితం మీద ఒక నంబరు, నీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 లో ఇంకో నంబరు అయితే ఆయన ఫోన్ నీకే వస్తుంది. తప్పు పడ్డ బిల్లును చెరపొద్దని పిల్లలకు గట్టిగా చెప్పు, రద్దు చెయ్యాలి. ఆఫీసులో చెరిపింది ల్యాప్‌టాప్‌లో బతికే ఉంటే, మళ్లీ కలిపినప్పుడు లేచి వస్తుంది. పైగా జీఎస్టీఆర్-1 లో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వేశారు, ఎన్ని రద్దయ్యాయి అని చూపాల్సిందే.

కొత్త డీలర్ తగిలితే పిల్లాడు పూర్తి ఖాతా తెరవకూడదు. ‘కొత్త-ఎంఎల్-01’ అని తాత్కాలిక పేరు పెట్టి జీఎస్టీ నంబరు, ఫోన్ నంబరు రాసుకుంటే చాలు, ఆఫీసు అసలు ఖాతాకు మారుస్తుంది. పేరును నమ్ముకోవద్దు. ‘లక్ష్మి ట్రేడర్స్’, ‘లక్ష్మీ ట్రేడర్స్’, మధ్యలో ఖాళీ ఎక్కువైన ‘లక్ష్మి  ట్రేడర్స్’ కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. 15 అక్షరాల జీఎస్టీ నంబరే ఆ మనిషి గుర్తు. అది లేని చిన్న మడిగెలకు ఫోన్ నంబరు.

చాలామంది చేసే పని ఇంకోటి ఉంది. టాలీ డేటా ఫోల్డర్‌ను ఎత్తి వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పడేసి, అందరి కంప్యూటర్లలో అదే తెరిచి ‘సింక్ అయిపోయింది’ అనుకుంటారు. అట్ల చెయ్యకు. డేటాబేస్ అంటే ఒకదానితో ఒకటి ముడిపడ్డ బోలెడు ఫైళ్లు. డ్రైవ్ వాటిని ఒక్కోటిగా, దాని వీలును బట్టి పంపుతుంది. ఒక ఫైలు ఇవాళ్టిది, పక్కది నిన్నటిది అయ్యి కంపెనీ తెరుచుకోదు. ఎక్సెల్ అయితే అంత ఘోరం కాదు గానీ, ఇద్దరూ ఆఫ్‌లైన్‌లో దిద్దితే వన్‌డ్రైవ్ రెండోదాన్ని ఫైలు పేరు వెనక కంప్యూటర్ పేరు తగిలించి వేరే కాపీగా పెడుతుంది. ఆ తోక ఉన్న ఫైలు కనబడిందంటే అందులో ఎవరిదో ఒక రోజు పని ఇరుక్కుని ఉన్నట్టే. డ్రైవ్‌ను సంచిలా వాడుకో: మూసి, జిప్ చేసిన ఎగుమతి ఫైళ్లను మోయడానికి మాత్రమే. జిప్ వల్ల ఇంకో లాభం, సగంలో తెగి వచ్చిన ఫైలు తెరవబోతే పాడైందని అదే చెబుతుంది.

వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో మబ్బు గుర్తు ఉన్న ఫైలు ల్యాప్‌టాప్‌లో లేనట్టే. ధరల పట్టిక ఉన్న ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమనే ఎంపిక పెడితే నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్ల టిక్కు వస్తుంది. అది చూసుకున్నాకే బండి కదలాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీటర్డ్ (డేటా పొదుపుగా వాడే) కనెక్షన్‌గా పెట్టి ఉంటే వన్‌డ్రైవ్ తనంతట తానే ఆగిపోతుంది. ‘సిగ్నల్ ఉంది సార్, పోతలేదు’ అని పిల్లాడు ఫోన్ చేస్తే ముందు ఇదే అడుగు.

రోజువారీ పద్ధతి పెద్దదేం కాదు. పొద్దున బయల్దేరే ముందు ఆఫీసు వైఫైలో మాస్టర్లు (ధరలు, సరుకులు, డీలర్ల పట్టికలు), బాకీలు దింపుకోవాలి. బాకీల పట్టిక పైన ‘ఈ తేదీ, ఈ గంట వరకు’ అని అచ్చయ్యేలా చూడు, రెండు రోజుల కిందటి బాకీ చూపించి డీలర్‌తో పేచీ పెట్టుకోవద్దు. సాయంత్రం సిగ్నల్ దొరికిన చోట ముందు బ్యాకప్, తర్వాత ఆ రోజు చీటీల ఎగుమతి, జిప్, పంపడం. ఒక రోజు ఆర్డర్ల జిప్ మహా అయితే ఒక ఎంబీ, బలహీనమైన సిగ్నల్‌లోనూ పోతుంది. చెక్కుల ఫొటోలు దాంతో కలపొద్దు, ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉండి దారి మూసేస్తాయి. అవి వేరే ఫోల్డర్‌లో, రాత్రి పంపాలి.

ఫైలుతో పాటు పిల్లాడు ఒక మెసేజ్ పెట్టాలి, ఎస్సెమ్మెస్ అయినా సరే: ‘ఎంఎల్, ఆర్డర్లు 23, 0114 నుంచి 0136, రద్దు 1, మొత్తం 4,18,650. వసూళ్లు 9, మొత్తం 1,32,000.’ ఆఫీసులో దిగుమతి అయ్యాక అవే అంకెలు రావాలి. 22 వస్తే ఆ రాత్రే వెతకాలి, రేపటి దాకా ఆపితే రెండు రోజుల చీటీలు కలిసిపోతాయి. సరిపోయాక ఆఫీసు ‘0136 దాకా అందింది’ అని జవాబివ్వాలి. ఆ జవాబు రాని చీటీలను పిల్లాడు ల్యాప్‌టాప్‌లోంచి తీసెయ్యకూడదు. వచ్చినా ఇంకో వారం ఉంచుకుంటే నష్టం లేదు. పంపేటప్పుడు లైన్ తెగిందని అదే ఫైలును రెండుసార్లు పంపడం మామూలే. అందుకే బిల్లుకే కాదు, ఒక్కో చీటీకీ మారని నంబరు ఉండాలి, రెండోసారి వచ్చింది తలుపు దగ్గరే ఆగుతుంది.

ఎగుమతి ఎక్సెల్, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) మీదుగా పోతే ఇంకో నాలుగు చిక్కులు. తేదీ 03-04-2026 ను అమెరికా సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్ మార్చి 4 గా చదువుతుంది, ఏప్రిల్ ఆర్డర్ పోయిన ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. అన్నింట్లో రీజియన్ ఇండియా అని పెట్టు. విత్తనాల లాట్ నంబరు 5ఈ12 లాంటిదైతే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది, మార్-24 అని ఉంటే తేదీ చేసేస్తుంది. మొలక రాలేదని రైతు వచ్చినప్పుడు పట్టుకునేది ఆ లాట్ నంబరునే గదా. ఆ గడిని టెక్స్ట్‌గా పెట్టాకే నింపాలి, సీఎస్‌వీని రెండు క్లిక్కులతో తెరవకుండా డేటా మెనూలోంచి దిగుమతి చెయ్యాలి. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు రాస్తే ఆఖరి అంకె సున్నా అయిపోతుంది, ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు. తెలుగులో ఊరి పేర్లు రాస్తే సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి, లేకపోతే ఆఫీసులో అన్నీ ప్రశ్నార్థకాలే.

గడియారం సంగతి ఎవరూ పట్టించుకోరు. ‘ఆఖరున రాసిందే నిలబడాలి’ అనే పద్ధతి మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కు గంట తప్పితే పాత ధర కొత్త ధరను కొట్టేస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో లోపలి బటన్ సెల్ అయిపోతే, మెయిన్ బ్యాటరీ అడుగంటి ఆరిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. చాలా వాటిలో సీఆర్2032 ఉంటుంది, పది నిమిషాల పని. పొద్దున వైఫైలో ఉండగా టైమ్ సింక్ బటన్ ఒకసారి నొక్కించు.

సింక్‌ను బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ చెరిగితే అక్కడా చెరుగుతుంది. ఆఫీసు సర్వర్ డేటా రోజూ రాత్రి వేరే హార్డ్ డిస్క్‌లోకి పోవాలి, ఆ డిస్క్ పని కాగానే పీకి బీరువాలో పెట్టాలి. రెండు డిస్కులు మార్చి మార్చి వాడితే ఇంకా నయం. సర్వర్‌కు యూపీఎస్ ఉండాలి, దిగుమతి మధ్యలో కరెంటు పోతే డేటా పాడవుతుంది. సర్వర్ స్లీప్ సెట్టింగ్ ‘ఎప్పుడూ వద్దు’ అని ఉండాలి. బయటి నుంచి అందుకోవడానికి వీలుగా ఉంటుందని రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 తెరిచి పెట్టే కుర్రాళ్లుంటారు, అది చెయ్యనియ్యకు. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులడిగే వైరస్‌లు వచ్చే పెద్ద దారుల్లో అదొకటి. వీపీఎన్ (బయటివాళ్లకు కనబడని గుప్త దారి) పెట్టించు, లేదా పైన చెప్పిన జిప్ పద్ధతితోనే సరిపెట్టుకో.

ల్యాప్‌టాప్‌లకు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) వేయించు, లేకపోతే ల్యాప్‌టాప్ పోయినప్పుడు నీ ధరలు, డీలర్ల బాకీలు పక్కవాడి చేతిలో పడతాయి. ఆ తాళం తెరిచే రికవరీ కీని కాగితం మీద అచ్చు తీసి ఆఫీసులో దాచు, ఆ ల్యాప్‌టాప్‌లోనే దాస్తే అక్కరకు రాదు. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో ల్యాప్‌టాప్ వదలొద్దని చెప్పు. టాలీ లైసెన్సులు లెక్క చూసుకో: లైసెన్స్ లేకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరిస్తే నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ పడుతుంది, పిల్లాడు లైన్ మీదికి పోయాక ఈ సంగతి తెలిస్తే ఏం లాభం.

మూడు లైన్లూ ఒకేసారి మొదలుపెట్టకు. ముందు నర్సంపేట ఒక్కటి రెండు వారాలు నడిపించు, అది దగ్గర, తేడా వస్తే పిల్లాణ్ని పిలిపించుకోవచ్చు. ఆ రెండు వారాలూ డూప్లికేట్ రసీదు పుస్తకంలో కూడా రాయించు, కార్బన్ కాపీతో ఆఫీసు లెక్క సరిచూడు. కావాలని ఒక ఫైలును రెండుసార్లు పంపించు, ఒకసారి సగంలో హాట్‌స్పాట్ ఆపించు, ఒక ఆర్డర్ రద్దు చేయించు. మూడింటికీ లెక్క తప్పకపోతే అప్పుడు ములుగు పిల్లాడికి ల్యాప్‌టాప్ ఇయ్యి.

మీ పెద్దనాయన