పదమూడు ముక్కలే, కానీ రమ్మీ కాదు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం శనివారాలు రమ్మీ ఆడతాం. ఈమధ్య మాజాంగ్ (ముక్కలతో ఆడే చైనా ఆట) పెట్టె ఒకటి చేతికొచ్చింది. 144 ముక్కలు, అన్నీ చైనా అక్షరాలే. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు ముక్కలన్నీ వెల్లకిలా పరిచి వేరుచేయండి. చుక్కలు, వెదుళ్లు, అక్షరాలు అని మూడు రంగులు. ఒక్కో రంగులో 1 నుంచి 9 దాకా అంకెలు, ప్రతి ముక్కా నాలుగేసి, వెరసి 108. నాలుగు దిక్కుల గాలులు నాలుగేసి 16. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు డ్రాగన్లు 12. మిగిలిన ఎనిమిదీ పూలు, రుతువులు. వాటిని ప్రస్తుతానికి పెట్టెలోనే ఉంచి 136తో ఆడండి.

వెదురు 1 మీద వెదురు ఉండదు, పిట్ట బొమ్మ ఉంటుంది. దాన్ని పూల ముక్క అనుకుని తీసేసేవాళ్లే ఎక్కువ. అదే బొమ్మ నాలుగు ముక్కల మీద ఉంటే వెదురే. తెల్ల డ్రాగన్‌తోనూ ఇదే తంటా: కొన్ని పెట్టెల్లో దాని మీద నీలం చట్రం ఉంటుంది, అప్పుడు ఉత్త ఖాళీ ముక్కలు పోయినవాటి బదులు వాడుకోవడానికి ఇచ్చినవి. చట్రం ముక్కలే లేకపోతే ఖాళీవే డ్రాగన్లు, నాలుగు తీసుకోండి.

ఇక ఆట. చేతిలో 13. పద్నాలుగోది కలిసి నాలుగు సెట్లు (సీక్వెన్స్ గానీ ట్రిప్లెట్ గానీ), ఒక జత అయితే గెలుపు. ఇక్కడే రమ్మీ అలవాటు దెబ్బతీస్తుంది. సీక్వెన్స్ అంటే ఒకే రంగులో కచ్చితంగా మూడు ముక్కలు, 4-5-6-7 కుదరదు. ట్రిప్లెట్‌కి మూడూ అచ్చంగా ఒకే ముక్క కావాలి, వేర్వేరు రంగుల అయిదులు పనికిరావు. గాలులకీ డ్రాగన్లకీ సీక్వెన్స్ లేదు. ఎదుటివాళ్లు పడేసిన ముక్కని నచ్చిందని చేతిలో కలుపుకోవడమూ కుదరదు: దాంతో సెట్ పూర్తవ్వాలి, ఆ సెట్‌ని అందరికీ కనిపించేలా బల్లమీద పెట్టాలి. సీక్వెన్స్ కోసమైతే (చౌ) మీ ఎడమవైపు మనిషి పడేసిందే తీసుకోవాలి. ట్రిప్లెట్‌కైతే (పంగ్) ఎవరు పడేసినా సరే. ఒకే ముక్కని ఇద్దరడిగితే చౌ కన్నా పంగ్‌ది పైచేయి, గెలుపుది రెండిటికన్నా పైచేయి.

వంతు కుడిచేతివైపు తిరుగుతుంది. పంచేవాళ్లది తూర్పు, వాళ్ల కుడిపక్కన దక్షిణం, ఎదురుగా పడమర. మ్యాపుతో పోల్చకండి, సరిపోదు.

ముక్కలు లాగేది పేర్చిన గోడలోంచి. అది కట్టడానికి ఒక్కొక్కరు 17 పొడవు, రెండు ఎత్తు పేర్చాలి. ముక్క వెడల్పు మూడు సెంటీమీటర్లయితే గోడ 51 సెంటీమీటర్లు వస్తుంది. పొడుగాటి డైనింగ్ టేబుల్ మీద చివర్లవాళ్లకి చెయ్యి అందదు. చతురస్రం బల్ల చూసుకోండి. కింద మందపాటి దుప్పటి పరచకపోతే ముక్కలు కలిపే చప్పుడికి కింది ఫ్లాట్‌వాళ్లు పైకొస్తారు.

ప్రశ్న: నెలరోజులుగా ఆడుతున్నాం. ఆట మధ్యలో ఎవరో ఒకరికి ముక్క తక్కువో ఎక్కువో అవుతోంది. ఎందుకు? పాయింట్ల లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఎక్కువైతే, పంగ్ తీసుకున్నాక గోడలోంచి కూడా లాగి ఉంటారు. పంగ్, చౌ తర్వాత లాగడం లేదు, ఒకటి పడేయడమే. తక్కువైతే, నాలుగు ఒకేలాంటివి పెట్టి (కాంగ్) గోడ చివరినుంచి బదులు ముక్క తీసుకోవడం మర్చిపోయారు. పడేసిన ప్రతిసారీ చేతిలోవీ బల్లమీదవీ కలిపి 13 ఉండాలి, కాంగ్‌ని మూడుగానే లెక్కేసి. లెక్క తప్పినవాళ్లు ఆ ఆటలో గెలవలేరు, చివరిదాకా ఊరికే ముక్కలు పడేస్తూ కూర్చోవాలి. ఇంకోటి: పంగ్ అడిగినవాళ్ల నుంచే వంతు సాగుతుంది, మధ్యలోవాళ్లది పోయినట్టే. అది గమనించక ముక్క లాగేవాళ్లుంటారు.

పాయింట్లు ఈ తప్పులు ఆగాకే. హాంకాంగ్ పద్ధతిలో చాలామంది కనీసం మూడు ఫాన్ (చేతి విలువని లెక్కేసే పాయింట్లు) ఉంటేనే గెలుపంటారు. కొత్తలో ఆ షరతు పెడితే ఆటలన్నీ డ్రా అయిపోతాయి. సున్నాతో మొదలుపెట్టండి.

ప్రశ్న: ఫోన్‌లో జతలు కలిపే మాజాంగ్ ఆడితే ఇది వస్తుందా?
– ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

జవాబు: రాదు. అది 1981లో బ్రోడీ లాకార్డ్ కంప్యూటర్ కోసం రాసిన ఒంటరి ఆట. ముక్కలు మాత్రమే ఇక్కడివి. అక్షరాల అంకెలు గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే. అడ్డగీత ఒకటుంటే 1, రెండుంటే 2, మూడుంటే 3. కంఠతా పట్టాల్సింది 4 నుంచే.