డయాలసిస్‌కి నాలుగు గంటలెందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. రెండు గంటలు దాటగానే ‘ఇక ఆపెయ్యమను’ అని గొడవ. మిషన్ స్పీడు పెంచి త్వరగా ముగించలేరా? అసలు రక్తంలోంచి చెడు ఒక్కటే ఎలా పోతుంది?
– ఓ పాఠకురాలు, సోంపేట

జవాబు: నాన్నగారిని మధ్యలో లేవనివ్వకండమ్మా. డయాలసిస్ టెక్నీషియన్‌గా నేను మంచం మంచానికీ తిరిగి బతిమాలేది దీని గురించే.

మిషన్‌కి తగిలించిన అడుగు పొడవు గొట్టం చూసే ఉంటారు, అదే డయలైజర్. అందులో వెంట్రుకంత సన్నటి బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగుల లోపల రక్తం, బయట డయాలసిస్ ద్రవం ఎదురెదురుగా పారతాయి. పోగు గోడకున్న రంధ్రాల్లోంచి యూరియా (ఒంట్లో తయారయ్యే వ్యర్థం), పొటాషియం దూరతాయి. ఎర్రకణాలు, అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ దూరలేవు.

కానీ ఆ గోడకు మంచీ చెడూ తెలియదు, సైజే తెలుసు. అణువులు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఎక్కువున్న వైపు నుంచి ఎక్కువ దాటతాయి, తక్కువున్న వైపు నుంచి తక్కువ వస్తాయి. రెండువైపులా సమానమయ్యాక కూడా రాకపోకలు ఆగవు, ఎంత పోతే అంతే తిరిగొస్తుంది. అందుకే కిటుకంతా ద్రవం కలపడంలో ఉంది. యూరియా అసలు వెయ్యం, కాబట్టి రక్తంలోది బయటికొస్తుంది. సోడియం దాదాపు రక్తంలో ఉన్నంతే, లీటరుకు 140 మిల్లీమోల్స్ దగ్గర ఉంచుతాం, కాబట్టి పెద్దగా పోదు. పొటాషియం చాలామందికి రక్తంలోకన్నా తక్కువగా, 2 మిల్లీమోల్స్ పెడతాం. రక్తంలో ఆమ్లాన్ని తగ్గించే బైకార్బొనేట్ మాత్రం ఎక్కువ ఉంచుతాం, అది రక్తంలోకే వెళ్తుంది. పైగా ఆ ద్రవాన్ని నిలవుంచితే సమానమైపోయి పని ఆగిపోతుంది. అందుకే నిమిషానికి సుమారు అర లీటరు కొత్తది పారిస్తాం. నాలుగు గంటలకు 120 లీటర్లు!

ఇక స్పీడు సంగతి. మిషన్ కడిగేది రక్తాన్నే. యూరియా, పొటాషియం మాత్రం ఒంట్లోని కణాలన్నిటా ఉంటాయి. రక్తంలో తగ్గితేనే అవి కణాల పొర దాటి నెమ్మదిగా రక్తంలోకొస్తాయి. ఆ పొర దగ్గర మా మిషన్ జోరు చెల్లదు. డయాలసిస్ అయిన వెంటనే తగ్గి కనిపించిన యూరియా, అరగంట పోయాక చూస్తే కొంత పెరిగి ఉండేది ఇందుకే. ఒంట్లో చేరిన నీటిని ఒత్తిడితో లాగుతాం. అదీ హడావిడిగా లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి.

మీది ఉద్దానం, ఎవరింటికెళ్లినా బొండాం కొట్టి చేతిలో పెడతారు. ఆయనకు వద్దని ముందే చెప్పండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. వారంలో ఒకసారి రెండు రోజుల గ్యాప్ వస్తుంది కదా, అప్పుడు మరీ జాగ్రత్త.