అమ్మడికి, ఆ ఏడు నిమిషాల గురించి

చి. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. రాత్రి ఒంటిగంటకు నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున చూశాను. స్టేజి మీద నువ్వు చేసిన ఏడు నిమిషాల స్టాండప్ కామెడీ సెట్‌లో, అంటే వరసగా చెప్పిన జోక్‌లన్నిటికీ కలిపి, జనం ఒక్కసారే నవ్వారనీ, అదీ మైక్ వైరు కాలికి చుట్టుకుని నువ్వు తూలినప్పుడేననీ రాశావు. నేనూ నవ్వాను, ఏమీ అనుకోకు.

రికార్డింగ్ ఉందిగా, ముందు అది విను. "నా గొంతు నేనే వినలేను మావయ్యా" అంటావని తెలుసు. ఎవరి గొంతు వాళ్లకు అలాగే ఉంటుంది. నేను స్టేజి ఎక్కిన మొదటి రెండేళ్లు నా రికార్డింగ్‌లు వినలేదు, ఆ రెండేళ్లూ దండగయ్యాయి. స్టేజి దిగాక మనకు గుర్తుండేది మన టెన్షన్ ఒక్కటే. ఎక్కడ నవ్వారో, ఎంతసేపు నవ్వారో గుర్తుండదు. కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని, నవ్వు వినపడ్డ చోటల్లా ఒక గీత గియ్యి. చిన్న నవ్వుకు చిన్నది, పెద్ద నవ్వుకు పెద్దది. అర నిమిషం పాటు గీత పడలేదంటే అక్కడ నువ్వు కబుర్లు చెబుతున్నావు, జోక్ చెప్పడం లేదు.

మీ నాన్న జోక్‌నే తీసుకుందాం. నువ్వు చెప్పింది ఇదీ: "నేను ఉద్యోగం మానేసి కామెడీ చేస్తానంటే మా నాన్న చాలా కోపంతో రెండేళ్లు నాతో మాట్లాడలేదన్నమాట. ఫైనల్‌గా ఒకరోజు షోకి వచ్చారు. అయిపోయాక ఎలా ఉందని అడిగితే, ఆయనకు అస్సలు నచ్చలేదనుకుంటా, మళ్లీ ఇంకో రెండేళ్లు నాతో మాట్లాడలేదు తెలుసా."

(నువ్వు ఉద్యోగం మానలేదు, బావ నీతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. అది వేరే సంగతి.)

జోక్ మంచిదే. "అస్సలు నచ్చలేదనుకుంటా" అని ముందే చెప్పేసి నువ్వే దాని గాలి తీసేశావు. చివరి "తెలుసా" ఇంకా ఘోరం. జనం నవ్వుదామని నోరు తెరిచేసరికి నువ్వింకా మాట్లాడుతున్నావు. ఇప్పుడు ఇలా చెప్పి చూడు: "కామెడీ చేస్తానన్నానని మా నాన్న రెండేళ్లు మాట్లాడలేదు. ఒకరోజు షోకి వచ్చారు. ఎలా ఉంది నాన్నా, అన్నాను. మాట్లాడలేదు. ఇంకో రెండేళ్లు."

మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. కానీ ఇక్కడ నవ్వు "మాట్లాడలేదు" దగ్గర లేదు, "ఇంకో రెండేళ్లు" దగ్గర ఉంది. అందుకే దాన్ని చివరికి జరిపాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, "వచ్చాడమ్మా, పన్నెండింటికి!" అని ఇంట్లో అందరూ అనేదే. రాసుకునేటప్పుడు మాత్రం మర్చిపోతాం. "మాట్లాడలేదు" తర్వాత ఒక్క క్షణం ఆగు. జోక్ అయిపోయిందని వాళ్లు అనుకోవాలి.

జోక్ పేలకపోతే నువ్వు వేగం పెంచుతున్నావు. నేనూ అలాగే చేశాను. ఒక కంపెనీ వార్షికోత్సవంలో, అందరూ భోంచేస్తుంటే నన్ను మైక్ ముందు నిలబెట్టారు. ఇరవై నిమిషాల సెట్ పదకొండు నిమిషాల్లో చదివేసి దిగిపోయాను. చప్పట్లు కొట్టింది సౌండ్ అబ్బాయి ఒక్కడే, పని తొందరగా అయిపోయిందని. తుస్సుమన్న జోక్‌ను "ఇది పేలలేదు కదా" అని ఒప్పేసుకుంటే, చాలాసార్లు ఆ మాటకే నవ్వుతారు. ఒక సెట్‌లో ఒక్కసారే సుమా, రెండోసారి జాలిపడతారు.

కుర్చీలు దూరదూరంగా ఉండి ముందు వరసలు ఖాళీగా ఉంటే, మొదలుపెట్టక ముందే జనాన్ని ముందుకు జరపమని హోస్ట్‌ను అడుగు. నవ్వు పక్కవాడి నుంచి అంటుకుంటుంది. మధ్యలో ఎవరైనా అరిస్తే వెంటనే విరుచుకుపడకు. వాడి గోల మిగతావాళ్లకు విసుగు పుట్టేదాకా ఓపిక పట్టు, అప్పుడు హాలంతా నీ వైపే ఉంటుంది. టైమ్ అయిపోతోందని లైట్ చూపించగానే ముగించెయ్యి, నీ తర్వాతివాళ్ల టైమ్ తినకు.

ముప్పై రెండేళ్లకు ఆలస్యమైపోయిందా అని అడిగావు. అమెరికన్ కమెడియన్ ఫిలిస్ డిల్లర్ 1955లో మొదటిసారి క్లబ్ స్టేజి ఎక్కేనాటికి ఆవిడకు 37 ఏళ్లు, ఐదుగురు పిల్లలు. జోక్‌లన్నీ కార్డుల మీద టైప్ చేసి ఒక పెద్ద బీరువాలో సర్దుకుంది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం దాకా వెళ్లిన ఆ బీరువాలో 50 వేలకు పైగా జోక్‌లున్నాయి. నీ నోట్‌బుక్‌లో ఎన్నున్నాయి? పద్నాలుగు. వయసు సంగతి తర్వాత చూద్దాం.

ఇంకో అమెరికన్ కమెడియన్ స్టీవ్ మార్టిన్ చెప్పుకున్న లెక్క ప్రకారం ఆయన స్టాండప్ చేసింది పద్దెనిమిదేళ్లు. అందులో నేర్చుకోవడానికే పదేళ్లు, మెరుగుపెట్టడానికి నాలుగేళ్లు పట్టింది. పేరు మోగింది చివరి నాలుగేళ్లే. అందుకని ఉద్యోగం ఇప్పుడే మానకు. అద్దె టెన్షన్‌తో స్టేజి ఎక్కితే జనానికి అది తెలిసిపోతుంది. ఎవరైనా పేరిచ్చి స్టేజి ఎక్కే ఓపెన్ మైక్‌కు డబ్బు అడగక్కర్లేదు, అది నీ సాధన. టికెట్లు అమ్మిన షోలో "అనుభవం వస్తుంది కదా" అంటే మాత్రం ఒప్పుకోకు. లాస్ ఏంజెలెస్‌లో కామెడీ స్టోర్ అనే క్లబ్ పైసా ఇవ్వడం లేదని 1979లో కమెడియన్లు సమ్మె చేసి మరీ డబ్బు ఇప్పించుకున్నారు.

ఆన్‌లైన్‌లో క్లిప్పులు పెట్టుకో, కానీ జనంతో అప్పటికప్పుడు మాట్లాడినవే పెట్టు. రాసుకున్న జోక్ ఫోన్‌లో చూసేసినవాళ్లు హాల్లో మళ్లీ అంత గట్టిగా నవ్వరు.

ఇంకో మాట. నాన్న మీద చెప్పిన ఆ జోక్ సంగతి ఎవరో పంపిన క్లిప్ చూసి బావకు తెలియకూడదు. ముందు నువ్వే చెప్పు. వద్దంటే నాన్నను తీసేసి మావయ్యను పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నేను రెండేళ్లు మాట్లాడకుండా ఉన్నానంటే మనింట్లో ఎవరూ నమ్మరు.

వచ్చే గురువారం మళ్లీ స్లాట్ ఉందన్నావు. కొత్తది రాయకు, ఇదే సెట్ చెయ్యి. రికార్డింగ్ ఎక్కడా కత్తిరించకుండా, వైరు కాలికి చుట్టుకున్నా సరే, నాకు పంపు.

నీ మావయ్య