మంగు మచ్చలు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేస్తున్నాయి, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. రెండో బాబు కడుపులో ఉన్నప్పుడు బుగ్గల మీద, పై పెదవి మీద మంగు వచ్చింది, డెలివరీ అయ్యాక పోతుందన్నారు కానీ పోలేదు. తెలిసినావిడ చెప్పిన క్రీమ్ రాస్తే పది రోజుల్లో మొహం తెల్లబడిపోయింది, ఆపగానే ముందుకన్నా నల్లగా వచ్చేసింది, పైగా ఎండలోకెళ్తే మంట. సన్‌స్క్రీన్ రోజూ పొద్దున రాస్తాను. ఆఫీసులో కిటికీ పక్కనే కూర్చుంటాను. ఇవి పోతాయా, పోవా?

జవాబు: ముందు ఆ ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండమ్మా. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. పది రోజుల్లో తెల్లబడిందంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి సన్న నరాలు తేలి, మొటిమలు, నూగు జుట్టు కూడా వస్తాయి. మంట తట్టుకోలేక మళ్లీ అదే రాయకండి, ట్యూబ్ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరకెళ్లండి.

ఇక పోతాయా అంటే, బాగా తగ్గుతాయి, కానీ మళ్లీ రావని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. రంగు తయారుచేసే కణాలు ఒకసారి అలా రెచ్చిపోయాక కాస్త ఎండ తగిలినా, వేడి తగిలినా, హార్మోన్లు మారినా మళ్లీ మొదలుపెడతాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అదీ డాక్టర్‌కి చెప్పండి.

మీ అసలు సమస్య ఆ కిటికీ దగ్గరే ఉందనిపిస్తోంది. మామూలు అద్దం ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో చర్మాన్ని కందించే యూవీబీ రకాన్ని చాలావరకు ఆపుతుంది, అందుకే మనకేమీ తెలీదు, కానీ యూవీఏ అనే ఇంకో రకం, కంటికి కనిపించే మామూలు వెలుగు లోపలికి వచ్చేస్తూనే ఉంటాయి, మంగుకి ఆ వెలుగు కూడా చాలు. టింట్ లేని, అంటే రంగు కలపని సన్‌స్క్రీన్ ఆ వెలుగుని పెద్దగా ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పదార్థం ఉన్న టింటెడ్‌ది తీసుకోండి, ఎస్పీఎఫ్ 30 పైన, బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ రెండిటినీ ఆపేది) అని ఉండాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెడితే వచ్చేంత మొహానికీ మెడకీ కావాలి, చాలామంది బఠానీ గింజంత రాసి సన్‌స్క్రీన్ పనిచెయ్యట్లేదంటారు! కిటికీ దగ్గరున్నా బయటున్నా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, కుదిరితే సీటే మార్చుకోండి. ఫోన్ వెలుగు గురించి కూడా అడుగుతుంటారు, పగటి వెలుగు ముందు అది లెక్కలోకి రాదు.

స్క్రబ్‌లు, ఆవిరి పట్టడం, మొహం బరబరా రుద్దడం మానెయ్యండి, చర్మం రేగితే మచ్చ ఇంకా ముదురుతుంది.

మంట తగ్గాక డాక్టర్ అజెలాయిక్ యాసిడ్ ఇవ్వొచ్చు, లేదా హైడ్రోక్వినోన్ రాత్రిపూట కొన్ని నెలలు రాయించి ఆపిస్తారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, కొద్దిగా స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ కూడా ఉంది, అది డాక్టర్ చెప్పినన్ని వారాలే. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రాస్తే మాత్రం మీకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఎప్పుడైనా రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిందేమో దాచకుండా చెప్పండి. మళ్లీ గర్భం అనుకుంటుంటే అదీ ముందే చెప్పాలి, అప్పుడు అజెలాయిక్ తప్ప వీటిలో మిగతావి వాడరు. లేజర్ తొందరొద్దు, చామనఛాయ చర్మం మీద అది ఒక్కోసారి మచ్చని ఇంకా నల్లబరుస్తుంది.

ఏది వాడినా తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రోజూ అద్దంలో వెతుక్కోకుండా నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కి చూపించడానికీ పనికొస్తుంది.