పక్కింటి మరుగుదొడ్డి గొయ్యి, మా నుయ్యి: కేసు వేస్తే నిలబడుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు. మా పెరటి నూతికి 20 అడుగుల దూరంలో పక్కింటాయన కిందటేడు సిమెంటు వరలు దింపి మరుగుదొడ్డి గొయ్యి కట్టారు. అడుగున కాంక్రీటు వేయలేదు. వానలు పడ్డాక నూతినీళ్లు వాసన వస్తున్నాయి. అడిగితే ‘నా స్థలంలో నేను కట్టుకున్నాను’ అంటున్నారు. మా సెప్టిక్ ట్యాంకు నూతికి 40 అడుగుల్లో ఉంది, పదేళ్లుగా ఎత్తించలేదు. కోర్టుకెళ్తే ఆ గొయ్యి పూడ్పించగలమా? (ఒక పాఠకురాలు)

జవాబు: స్థలం ఆయనదే అయినా, మీ నూతిలోకి ఊరే నీటిని పాడుచేసే హక్కు ఆయనకు లేదు. పొరుగు భూముల మధ్య హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ ఉదాహరణల్లోనే ఈ మాట ఉంది: ఒకరి భూమిలోకి సహజంగా ఊరి వచ్చే నీటిని ఇతరులు అసమంజసంగా కలుషితం చేయకూడదు. ఇంగ్లండులో 1885లో తీర్పు వచ్చిన బల్లార్డ్ వర్సెస్ టామ్లిన్సన్ కేసు అచ్చం మీలాంటిదే. పొరుగువాడు తన బావిలోకి మురుగు వదిలితే భూగర్భ జలం ద్వారా పక్కవాడి బావి చెడింది. వదిలినవాడే బాధ్యుడని అప్పీలు కోర్టు తేల్చింది.

‘ఎప్పటినుంచో ఉంది, నాకు హక్కు వచ్చేసింది’ అని ఆయన రేపు అనవచ్చు. నీటిని కలుషితం చేసే హక్కు అనుభవం మీద సంక్రమించాలంటే అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు గడవాలి. ఆ లెక్క గొయ్యి తవ్విన రోజు నుంచి కాదు, చెడు స్పష్టంగా తెలిసిన రోజు నుంచి. కాబట్టి కిందటేటి గొయ్యికి ఆ వాదన పనికిరాదు. అలాగని మీరు ఊరుకోవద్దు. మధ్యంతర ఉత్తర్వు అడిగినప్పుడు ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అన్నదే జడ్జిగారు వేసే మొదటి ప్రశ్న.

ఇక పూడ్పించడం సంగతి. అలా అడగవద్దనే నా సలహా. ఒక కుటుంబానికి ఉన్న ఒక్క మరుగుదొడ్డిని మూసేయమనడానికి ఏ కోర్టయినా వెనకాడుతుంది. సరిచేయమని అడిగితే ఇవ్వడం తేలిక. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 39వ సెక్షన్ కింద ఫలానా పని చేయమని ఆదేశం కోరవచ్చు. ఆ పని ఏమిటో దావాలో కొలతలతో సహా రాయాలి.

భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470 ప్రమాణం ప్రకారం ఐదుగురున్న ఇంటికి ట్యాంకు లోపలి కొలతలు 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. అడుగు కాంక్రీటుది కావాలి, గోడలు నీరు కారకుండా సిమెంటు పూత పూసి ఉండాలి, గాలి గొట్టం కనీసం 50 మిల్లీమీటర్లది పెట్టాలి. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీరు ఇంకే గుంత తాగునీటి నూతికి 18 మీటర్ల లోపు ఉండకూడదు. అంటే దాదాపు 59 అడుగులు. ఈ ప్రమాణం చట్టం కాదు. కానీ ‘అసమంజసం’ అంటే ఏమిటో కోర్టుకు చూపించడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. అడుగు లేని వరల గొయ్యిలో మలం, నీరు రెండూ ఒకే చోట నేలలోకి దిగుతాయి. దాన్ని సెప్టిక్ ట్యాంకు అనడానికే లేదు.

మీ తీరప్రాంతపు ఇసుకనేలలో ఇంకో చిక్కుంది. ఇసుకలో నీరు వేగంగా దిగుతుంది, వడపోత తక్కువ. వానాకాలంలో నీటిమట్టం పైకొచ్చి గొయ్యి అడుగును తాకితే మురుగు నేరుగా నూతి ఊటలో కలుస్తుంది. వానలు పడ్డాకే వాసన రావడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. నీటిమట్టం 180 సెంటీమీటర్ల లోతు లోపే ఉండే చోట లోతు గుంత కాకుండా, మట్టి ఎత్తుగా పోసిన దిబ్బలో చిల్లుల పైపులు వేయమంటుంది ఆ ప్రమాణం. దావాలో ఇదీ అడగండి.

అయితే సాక్ష్యం లేకుండా నోటీసు ఇవ్వకండి. నూతినీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. వాళ్లిచ్చిన శుభ్రమైన సీసాలోనే నీళ్లు పట్టి, ఐసు పెట్టెలో పెట్టి, ఆ రోజే అందించండి. చాలామంది ముందు బ్లీచింగ్ పౌడరు చల్లి తర్వాత నమూనా తీస్తారు. క్రిములు చచ్చి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, కేసు అక్కడే పోతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి (మలం కలిసిందని చెప్పే క్రిమి) అసలు కనిపించకూడదు, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకసారి వాన తర్వాత, ఒకసారి పొడి రోజుల్లో తీయించండి. గొయ్యికి దూరంగా ఉన్న మరో నూతి నీళ్లూ పోలికకు కావాలి. పక్కింటాయన ఇంటి ప్లానుకు అనుమతి ఉందేమో సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శిని అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దీనికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దావా వేశాక సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద అడ్వకేటు కమిషనర్ను (కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్టిచ్చే లాయరును) వేయించి దూరం కొలిపించండి.

ఇప్పుడు మీ ట్యాంకు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. 40 అడుగులంటే 12 మీటర్లు. ట్యాంకు కారకుండా ఉంటే ఆ దూరం దానికది తప్పు కాదు, 18 మీటర్ల లెక్క ఇంకుడు గుంతకు. మీ ట్యాంకు నీరు ఎక్కడికి పోతోందో ముందు తేల్చుకోండి. పదేళ్లు ఎత్తించకపోతే మడ్డి నిండి, గట్టి పదార్థం ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది. నూతిని చెడగొడుతున్నది రెండు ఇళ్లూ అయితే, ఆ ఆధారం మీ చేతుల మీదుగానే బయటపడుతుంది. ముందు మీది సరిచేసుకుని ఆ తర్వాత నోటీసు ఇవ్వండి.

కుళాయి నీళ్లు వస్తున్నాయి కదా, నుయ్యెందుకని కూడా వాదించవచ్చు. హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్లొచ్చినా మీ నూతి మీద మీ హక్కు తగ్గదు.

మురుగు వీధిలోకో, పంచాయతీ నూతిలోకో పారుతుంటే అది ప్రజా ఉపద్రవం. అప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు. మీ ఒక్కరి నుయ్యి అయితే దారి సివిల్ కోర్టే.

దానికంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళగా మీకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఆయన స్థలంలో 59 అడుగులు దొరక్కపోతే, మీకు తోట ఉంటే దాని దూరపు మూలలో గుంతకు చోటివ్వడం మంచి రాజీయే. కానీ నోటిమాట మీద ఇవ్వకండి. అనుమతి తీసుకున్నవాడు శాశ్వత కట్టడం కట్టి ఖర్చుపెట్టాక, దాన్ని రద్దు చేసుకోవడానికి ఈజ్‌మెంట్ల చట్టం 60వ సెక్షన్ అడ్డొస్తుంది. చోటు కొలత, కాలపరిమితి, ఎవరు ఎత్తించాలి, రద్దు షరతు అన్నీ రాతలో ఉండాలి.

మీ ట్యాంకు ఎత్తించేటప్పుడు మనిషిని లోపలికి దింపకండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం 7వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రమాదకర పనికి పెట్టడమే నేరం. మొదటిసారికే 2 ఏళ్ల జైలు, లేదా 2 లక్షల జరిమానా, లేదా రెండూ పడవచ్చు, పైగా బెయిలు హక్కుగా రాదు. అంతకంటే ముఖ్యం, ఆ విషవాయువులో ఊపిరి ఆడదు, మనిషి ప్రాణం పోతుంది. పంపు ఉన్న ట్యాంకరునే పిలవండి. నీటిమట్టం పైనున్న వానాకాలంలో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయిస్తే నేలలోని నీటి ఒత్తిడికి అది పైకి లేచే ప్రమాదం ఉంది, వేసవిలో చేయించండి. ట్యాంకరువాళ్ల రశీదు దాచుకోండి. మీ ట్యాంకు సరిగా నిర్వహిస్తున్నారని కోర్టులో చూపే కాగితం అదే.