మడమలో వేసింది ఏ మందు?

ప్రశ్న: తిరుపతిలో బట్టల షాపులో రోజంతా నిలబడే ఉద్యోగం నాది. మడమ నొప్పికి ఓ క్లినిక్‌కు వెళ్తే పీఆర్‌పీ ఇంజెక్షన్లు మూడు వేస్తే కణజాలం మళ్లీ పెరుగుతుందన్నారు. రక్తం తీయడం లాంటి బాధలేమీ లేకుండా, నేరుగా మడమలోనే వేశారు. గాజులు తాకట్టు పెట్టి 36 వేలు ఫోన్‌పేలో కట్టాను. నొప్పి ఇంకా పెరిగింది. అడిగితే కసురుకుంటున్నారు. బిల్లు ఇవ్వలేదు. తెలిసిన మెడికల్ షాపులో పాత తేదీతో రాయిస్తానంటున్నాడు మా తమ్ముడు. నాకు న్యాయం జరుగుతుందా సార్?

జవాబు: నొప్పి తగ్గనంత మాత్రాన డాక్టరుది నిర్లక్ష్యమని కోర్టు అనదు. జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే ఈ సంగతి తేల్చింది. మీ కేసంతా మీరు మాటవరసకు రాసిన 'రక్తం తీయలేదు' దగ్గరే ఉంది. పీఆర్‌పీ అంటే మీ రక్తమే తీసి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని నొప్పి ఉన్నచోట ఎక్కించడం. రక్తమే తీయకపోతే అది పీఆర్‌పీ కాదు. మరి వేసిందేమిటి? ఒకవేళ స్టెరాయిడ్ అయితే, పదేపదే వేస్తే మడమ కింది కొవ్వు పొర పలచబడే ప్రమాదం ఉంది. ఒకటి చెప్పి ఇంకొకటి వేస్తే అది సేవాలోపం. మీ సమ్మతి లేని చికిత్స కూడా. రోగి సమ్మతి లేకుండా చికిత్స చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పిన సమీరా కోహ్లీ కేసు (2008) మీకు పనికొస్తుంది.

36 వేలు కట్టి కాగితం అడగకపోవడం మీ తప్పే. జాకెట్ ముక్కకు కూడా బిల్లు కొట్టే షాపులో పనిచేస్తూ! అయినా ఫోన్‌పే హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉన్నాయి, వాటిని ఇవాళే ప్రింటు తీయించండి. పాత తేదీ బిల్లు జోలికి మాత్రం పోవద్దు. ఎదుటి లాయరు షాపు రికార్డు, బ్యాచ్ నంబరు అడిగిన రోజే మీ కేసు పోతుంది, ఫోర్జరీ కేసు మీ అక్కాతమ్ముళ్ల మీద పడుతుంది.

ఇంజెక్షన్ల తేదీలు ఒక్కటీ రాయలేదు మీరు. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం గడువు 2 ఏళ్లు. చివరి ఇంజెక్షన్ నుంచి కాకుండా మొదటిదాని నుంచే లెక్కేసుకోండి. నోటీసు పంపినా, క్లినిక్ చుట్టూ తిరిగినా గడువు ఆగదు. దాటిపోతే ఆలస్యానికి బలమైన కారణం చూపాలి.

ముందుగా కేస్ షీటు, సమ్మతి పత్రం, వేసిన మందు పేరు, మోతాదు ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 వైద్య నియమావళి చెబుతోంది. ఇవ్వకపోతే ఆ మౌనమే మీకు సాక్ష్యం. ఈలోగా మీ తిరుపతిలోనే బర్డ్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో చూపించుకుని, మడమ స్కానింగ్ తీయించి, ఇప్పటి పరిస్థితి రాయించుకోండి. ఆ తర్వాత డాక్టరునూ క్లినిక్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు.